వాచీ మార్చకుండా శాన్‌ఫ్రాన్సిస్కోకి

21 మే 2025, బుధవారం. మర్రిపాలెం, విశాఖపట్నం

టికెట్లు తీసిన కుర్రాడు అన్న ఒక్క మాట నెల రోజులుగా నా బుర్ర తినేస్తోంది. "రేత్రి పదకొండుకి వైజాగ్‌లో ఎక్కుతారు అంకుల్, తెల్లారి తొమ్మిదీ పదికి శాన్‌ఫ్రాన్సిస్కోలో దిగిపోతారు. పది గంటలే!" అన్నాడు. కాగితం మీద అంకెలు అలాగే ఉన్నాయి మరి. 22వ తేదీ రాత్రి 11:00, 23వ తేదీ ఉదయం 9:10. మా ఆవిడ నమ్మేసింది. "పది గంటలేగా, మన కిరండూల్ పాసింజరు కన్నా నయం" అంది.

ముప్ఫై నాలుగేళ్ళు రైల్లో గార్డు ఉద్యోగం చేసినవాడికి ఈ లెక్క ఎలా మింగుడు పడుతుంది? మా పనే అది. ఎన్నింటికి కదిలింది, ఎన్నింటికి చేరింది, మధ్యలో ఎక్కడ ఎంతసేపు ఆగింది, ఎందుకు ఆగింది. జెండా ఊపడం జనానికి కనిపిస్తుంది గానీ, పుస్తకంలో నిమిషాలు రాయడమే అసలు ఉద్యోగం. (2022లో గార్డు అనే పేరు తీసేసి ట్రైన్ మేనేజర్ అని పెట్టారు. నేను గార్డుగానే రిటైరయ్యాను, సంతోషం.)

అందుకే ఈ రోజు సామాన్లు సర్దడం మా ఆవిడకి వదిలేసి లెక్క తీశాను. వేసవిలో శాన్‌ఫ్రాన్సిస్కో గడియారం మన కంటే పన్నెండున్నర గంటలు వెనక. అంటే అక్కడ ఉదయం 9:10 అయ్యేసరికి మనకి రాత్రి 9:40. కాబట్టి పది గంటల పది నిమిషాలు కాదు, ఇరవై రెండు గంటల నలభై నిమిషాలు. విడగొడితే ఇలా ఉంది: విశాఖ నుంచి సింగపూరు నాలుగు గంటల పది నిమిషాలు, అక్కడ పడిగాపులు మూడు గంటల నలభై, సింగపూరు నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో పద్నాలుగు గంటల యాభై.

ఆఖరి ముక్క చూసి నవ్వొచ్చింది. కిరండూల్ పాసింజరు కూడా ఇంచుమించు పద్నాలుగు గంటలే తీసుకుంటుంది. అనంతగిరి కొండలెక్కి, అరకు దాటి, 58 సొరంగాల్లో దూరి, అది పోయే దూరం ఐదొందల కిలోమీటర్లు కూడా ఉండదు. అదే సమయంలో ఇది దాటేది 13,600 కిలోమీటర్లు.

"ఢిల్లీ మీదుగా పోతే పోదా?" అని మా బావమరిది ఫోన్లో అన్నాడు. ఏప్రిల్ 24 నుంచి పాకిస్తాన్ మన విమానాలకి దారి మూసేసింది. ఢిల్లీ నుంచి దూరం వెళ్ళేవి చుట్టు తిరిగి పోతున్నాయి. మోకాళ్ళ నొప్పితో ఉన్న మనిషిని వెంటబెట్టుకుని ఆ గొడవెందుకని సింగపూరే ఖాయం చేశాం.

22 మే, గురువారం

ఈ రోజు హనుమజ్జయంతి. పొద్దున్నే గుడికెళ్ళి ఆకుపూజ చేయించి వచ్చింది మా ఆవిడ. "సముద్రం దాటిన దేవుడి పుట్టినరోజున సముద్రం దాటుతున్నాం, మంచిదే" అంది. కాసేపాగి, "ఆయన నూరు యోజనాలు దాటాడట. మనదెన్ని యోజనాలండీ?" అని అడిగింది. యోజనానికి ఎనిమిది మైళ్ళు వేసుకుంటే మొత్తం 1,280 యోజనాలు వచ్చింది. "అయితే మధ్యలో మైనాకుడి దగ్గర ఆగుతామన్నమాట" అంది. సింగపూరుకి ఇంతకన్నా మంచి పేరు నేను వినలేదు.

స్ప్రింగ్ కాటాకి పెట్టె తగిలిస్తే 24 కిలోలు చూపించింది. 23 దాటకూడదు. కొత్తావకాయ తియ్యనంది, మాడుగుల హల్వా తియ్యనంది. చివరికి నా ఉన్ని కోటు బయటికొచ్చింది. అది చేతిమీద వేసుకుని బయలుదేరాను. మే నెల ఎండలో, ఉక్కపోతలో, ఉన్ని కోటుతో ఆటో ఎక్కుతున్న నన్ను చూసి వీధి చివర పాన్‌షాపు వాడు లేచి నిలబడ్డాడు.

మా ఇంటి డాబా మీంచి విమానాలు దిగడం ముప్ఫై ఏళ్ళుగా చూస్తున్నాను. ఎన్‌ఏడీ జంక్షన్ దాటితే ఎయిర్‌పోర్టే. అది నిజానికి నేవీ వాళ్ళ ఐఎన్‌ఎస్ డేగ. రన్‌వే వాళ్ళది, మన టెర్మినల్ దాని పక్కన. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు ఈ టెర్మినల్ పైకప్పు చిందరవందరైపోయింది. మర్నాడు వెళ్ళి చూసినవాణ్ణి నేను. ఇప్పుడు అద్దాలు మెరుస్తున్నాయి. భోగాపురంలో కొత్తది తయారవుతోంది. అదొస్తే ఇంటి నుంచి పది నిమిషాల్లో ఎయిర్‌పోర్టు అనే వైభోగం మా మర్రిపాలెం వాళ్ళకి పోతుంది.

విమానం కదిలినప్పుడు నా హెచ్‌ఎమ్‌టీ వాచీలో 11:04. నాలుగు నిమిషాలు లేటు. రాసుకున్నాను.

లేచాక కాసేపు ఊరి దీపాలు, తర్వాత సముద్రంలో లంగరేసుకున్న ఓడల దీపాలు, ఆ తర్వాత ఏమీ లేదు. ముందు సీటు వెనక తెర లేదు, కాబట్టి మ్యాపూ లేదు. నాకు మాత్రం దారి తెలుసు. నిన్న అట్లాసు మీద స్కేలు పెట్టి గీశాను. విశాఖ నుంచి సింగపూరుకి గీత గీస్తే అది అండమాన్‌కీ నికోబార్‌కీ మధ్యన ఉన్న పది డిగ్రీల ఛానల్ మీంచి సూటిగా పోతుంది. మా పెద్దన్నయ్య ఒకప్పుడు ఇక్కడి హార్బరు నుంచి పోర్ట్‌బ్లెయిర్‌కి ఓడలో వెళ్ళి రెండు రోజుల పైచిలుకు వాంతులు చేసుకున్నాడు. మేం దాన్ని నిద్రలో దాటేశాం. 2,900 కిలోమీటర్లు.

23 మే, శుక్రవారం (మొదటి సగం)

సింగపూరులో దిగేసరికి అక్కడి గడియారం 5:40, నా వాచీ 3:10. దారిలో ఆ నాలుగు నిమిషాలూ లాగేశాడు. మేం దాన్ని 'మేకప్' అంటాం, వీళ్ళేమంటారో.

ఆరుంపావైనా చీకటి విడలేదు. ఏడు కావస్తే గానీ పొద్దు పొడవలేదు. మన ఊళ్ళో మే నెలలో ఐదున్నరకే వాకిలి ఊడ్చేస్తారు. తప్పు సూర్యుడిది కాదు, గడియారానిది. సింగపూరు ఉన్నచోటుకి సరైన టైము కన్నా గడియారాన్ని గంటకి పైగా ముందుకి తోసి పెట్టుకున్నారు, 1982 నుంచీ. మనకా పేచీ లేదు. దేశమంతటికీ టైమిచ్చే 82½ డిగ్రీల రేఖ మన కాకినాడ పక్క నుంచే పోతుంది. విశాఖ దానికి కాస్త తూర్పున ఉంది కాబట్టి మన గడియారానికీ సూర్యుడికీ తేడా మూడు నిమిషాలే. ఈ సంగతి మా ఆవిడకి చెప్పబోతే కుర్చీలోనే నిద్రపోయింది.

ఒక టెర్మినల్ నుంచి ఇంకో టెర్మినల్‌కి చిన్న రైలు వేశారు. ఎక్కి ముందుకి చూస్తే డ్రైవరు లేడు. వెనక్కి చూస్తే గార్డు లేడు. తలుపులు వాటంతటవే మూసుకుని కదిలింది. దార్లో ఒక గాజు బురుజులోంచి పోతుంటే పైకప్పు మధ్యలోంచి నలభై మీటర్ల జలపాతం పడే చోటు కనిపించింది, చుట్టూ చెట్లు. అందరూ ఫోన్లెత్తి ఫొటోలు తీశారు. నేను ఆ ఖాళీ వెనక తలుపు దగ్గరే నిలబడిపోయాను.

9:20కి రెండో విమానం. ఎయిర్‌బస్ ఎ350. రెండే ఇంజన్లు. అంత సముద్రం మీద రెండే ఇంజన్లా అని నాకూ అనిపించింది గానీ, ఒకటి ఆగినా రెండోదానితో గంటల తరబడి ఎగిరేలా ఆ విమానానికి అనుమతి ఉందని మావాడు ముందే చెప్పాడు. నన్ను ఆశ్చర్యపరిచింది ఇంధనం. టాంకులు నింపితే లక్షా ముప్ఫై వేల లీటర్ల పైన పడుతుందట. మా భాషలో చెప్పాలంటే రెండు పెట్రోలు ట్యాంకు వ్యాగన్లు. మేం ఒక్కో బండికి వరసగా యాభై లాక్కెళ్ళేవాళ్ళం కదా, రెండెంత అనుకోవచ్చు. ఆ రెండింటినీ రెక్కల్లో పెట్టుకుని గాల్లోకి లేవడం వేరే సంగతి.

ఈసారి నా ముందు తెర ఉంది, మ్యాపుంది. సినిమా పెట్టలేదు. పద్నాలుగు గంటలూ మ్యాపే చూశాను. పక్క సీటు పంజాబీ కుర్రాడు నన్ను రెండుసార్లు వింతగా చూశాడు.

ఫిలిప్పీన్స్ ఉత్తర కొస, తర్వాత జపాన్ దక్షిణపు ఒడ్డు. తిన్నగా తూర్పుకి పోవాల్సింది ఈ పైకి పోవడమేమిటని ఎవరికైనా అనుమానం వస్తుంది. గుండ్రటి భూమి మీద దగ్గర దారి అదే, బల్లపరుపు మ్యాపు మీద వంకరగా కనబడుతుంది. జపాన్ దాటాక అసలు వినోదం మొదలైంది. తెర మీద వేగం గంటకి తొమ్మిదొందల దగ్గర ఉండేది కాస్తా 1,000 దాటింది, 1,050కి పోయింది. ఇంజను గట్టిగా లాగలేదు. ఆ ఎత్తులో పడమర నుంచి తూర్పుకి నదిలా పారే గాలి ఒకటుంటుంది, జెట్ స్ట్రీమ్. దాంట్లో దూరిన విమానం గాలితో పోల్చితే ఎప్పటి వేగంతోనే పోతుంది, గాలి దాన్ని మోసుకుపోతుంది. శిమిలిగూడ నుంచి ఇనుపరాయి లోడుతో ఘాట్ దిగేటప్పుడు బండి తనంతట తనే తోసుకొస్తుంది చూడండి, అలాగ. కాకపోతే మేం కిందదాకా బ్రేకులు పట్టుకు చచ్చేవాళ్ళం. వీళ్ళు ఆనందంగా వదిలేశారు.

నా వాచీలో మధ్యాహ్నం రెండున్నరకి సూర్యుడు అస్తమించాడు. భోజనం ట్రేలు తీసి చాలాసేపైంది, పొద్దుగూకింది. మనం తూర్పుకి పరిగెత్తితే చీకటి ఎదురొస్తుంది.

22 మే, గురువారం (మళ్ళీ)

అచ్చుతప్పు కాదు. నా వాచీలో సాయంత్రం నాలుగున్నర అవుతుండగా మ్యాపు మీద మా బొమ్మ విమానం 180 డిగ్రీల గీత దాటింది. కింద సముద్రంలో ఉన్నవాడికి అప్పుడు శుక్రవారం రాత్రి పదకొండు. గీత దాటిన మరుక్షణం గురువారం రాత్రి పదకొండు. మా ఆవిణ్ణి లేపి, "హనుమజ్జయంతి మళ్ళీ వచ్చింది" అన్నాను. కళ్ళు తెరవకుండానే దణ్ణం పెట్టుకుని అటు తిరిగి పడుకుంది.

ఆ గురువారం గంటసేపే ఉంది. అర్ధరాత్రి దాటి మళ్ళీ శుక్రవారమైంది.

23 మే, శుక్రవారం (రెండో సగం)

ఐదు గంటలకే రాత్రి అయిపోయింది. నా వాచీలో ఏడున్నర, అంటే విశాఖలో దీపాలు పెట్టే వేళ దాటింది. ఇక్కడ కిటికీ అంచున ఎర్రగా తెల్లారుతోంది. ఉప్మా పెట్టారు. ఉప్మాలాంటిది.

శాన్‌ఫ్రాన్సిస్కోలో దిగేటప్పుడు గుండె జారింది. కింద నీళ్ళు, ఇంకా నీళ్ళు, పొడుగాటి వంతెన ఒకటి, మళ్ళీ నీళ్ళు దగ్గరికొచ్చేస్తున్నాయి, నేల జాడ లేదు. చక్రాలు తాకడానికి రెండు క్షణాల ముందు రాళ్ళ గట్టు కనబడింది. అక్కడి రన్‌వేలు బేలోకి చొచ్చుకుపోయి ఉంటాయట. ఎవరైనా ముందు చెప్పొచ్చుగా!

అక్కడి గడియారం 9:10. సింగపూరులో శుక్రవారం ఉదయం 9:20కి బయలుదేరాం. శుక్రవారం ఉదయం 9:10కి చేరాం. బయలుదేరిన దానికన్నా పది నిమిషాల ముందు. నా ఉద్యోగంలో ఇలా రాసుంటే సస్పెండు చేసేవారు.

లోపల ఆఫీసరు తిండి పదార్థాలేమైనా ఉన్నాయా అని అడిగాడు. మా ఆవిడ ముందే ఒప్పేసుకుంది, "పికిల్, హల్వా." పెట్టె తెరిపించి, పళ్ళూ మాంసమూ లేవని చూసుకుని వదిలేశాడు. బయట పదిహేను డిగ్రీలు. విశాఖ నుంచి మోసుకొచ్చిన ఉన్ని కోటు వేసుకున్నాను. మా ఆవిడ ఏమీ అనలేదు. చలికి వణుకుతూ నా వైపు చూసింది, అంతే. కోటు తీసి ఇచ్చేశాను.

24 మే, శనివారం. ఫ్రీమాంట్, మనవరాలి ఇల్లు

రాత్రి రెండున్నరకి మెలకువొచ్చింది. కడుపులో మధ్యాహ్నం భోజనం అయ్యాక ఉండే హుషారు. ఒంటికి ఇంకా వైజాగే. ఒక్కో గంట తేడాకి సర్దుకోవడానికి ఇంచుమించు ఒక రోజు పడుతుందంటారు, ఆ లెక్కన పన్నెండు రోజులు.

వంటింట్లో కూర్చుని వాచీ చూశాను. మూడు. గోడ గడియారం రెండున్నర. అప్పుడు తట్టింది. తేడా పన్నెండున్నర గంటలు. ముళ్ళ వాచీకి పన్నెండు గంటలంటే ఒక చుట్టు, మళ్ళీ అక్కడికే వస్తుంది. అంటే నా వైజాగ్ టైములోంచి అరగంట తీసేస్తే చాలు, ఇక్కడి టైము. పగలు రాత్రి తారుమారు, అంతే. వాచీ తిప్పనక్కర్లేదు! ఉండబోయే మూడు నెలలూ తిప్పను. (శీతాకాలం అయితే వాళ్ళు గడియారం గంట వెనక్కి జరుపుతారు, అప్పుడు గంటన్నర తీసేయాలి.)

25 మే, ఆదివారం

మనవరాలి గదిలో గ్లోబు ఉంది. "తాతా, వైజాగ్ ఎంత దూరం?" అని అడిగింది. ఏ దూరం చెప్పాలి? మేం వచ్చిన దూరం 16,500 కిలోమీటర్లు. మా ఆవిడ కుట్టు డబ్బాలోంచి దారం తెచ్చి, ఒక కొస విశాఖ మీద, ఇంకో కొస శాన్‌ఫ్రాన్సిస్కో మీద పెట్టి బిగించి లాగాం. దారం తూర్పుకి పోలేదు. ఉత్తరానికి పోయింది! రూర్కెలా మీంచి, కాంచనజంగ పక్క నుంచి, టిబెట్, చైనా, సైబీరియా, ఆర్కిటిక్ వలయం లోపలికి తొంగిచూసి, అలాస్కా మీదుగా దిగింది. దాని పొడవు 13,300. అంటే మేం 3,200 కిలోమీటర్లు ఎక్కువ తిరిగాం. సింగపూరు నుంచి ఇక్కడికి 13,600 కదా, తమాషా ఏమిటంటే సూటిగా చూస్తే శాన్‌ఫ్రాన్సిస్కోకి సింగపూరు కన్నా మన విశాఖే దగ్గర.

"మరి అలాగే రావచ్చుగా?" అంది పిల్ల. మా ఊరి నుంచి రోజూ మూడొందల మంది ఇక్కడికి ఎక్కాలి కదమ్మా, ముందు అది కావాలి. తర్వాత టిబెట్. విమానంలో గాలి ఒత్తిడి పోతే పది వేల అడుగులకి దిగాలి, ఆ నేలే అంతకన్నా ఎత్తు. ఆ పైన రష్యా. 2022 నుంచి అమెరికా కంపెనీల విమానాలకి ఆ దారి బందు.

దూరం తక్కువైనంత మాత్రాన ముందు చేరతారని కూడా లేదు. 2016 అక్టోబరులో ఎయిరిండియా ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకి అట్లాంటిక్ మానేసి పసిఫిక్ మీంచి వచ్చింది. దారి 1,400 కిలోమీటర్లు పెరిగి 15,300 అయింది, సమయం మాత్రం రెండు గంటలు తగ్గి పద్నాలుగున్నరకి వచ్చింది. అంతా గాలి మహిమ. 2021 జనవరిలో అందరూ ఆడవాళ్ళే నడిపిన విమానం ఇక్కడి నుంచి ఉత్తర ధ్రువం మీదుగా బెంగుళూరు చేరింది. కెప్టెన్ జోయా అగర్వాల్, ఆవిడతో పాటు మన పాపగారి తన్మయి. ఆ పేరు చెప్పగానే పిల్ల దారం వదిలేసి, "తెలుగావిడా?" అంది. గ్లోబు నెత్తి మీద వేలు పెట్టి చూసుకుంది.

17 ఆగస్టు, ఆదివారం నుంచి 19 ఆగస్టు, మంగళవారం దాకా

మధ్యలో మూడు నెలల కబుర్లు ఇక్కడ అనవసరం.

ఆదివారం రాత్రి 10:40కి ఎక్కాం. మోసుకొచ్చిన ఆ గాలే ఇప్పుడు ఎదురు. తెర మీద వేగం 830, 820. దాన్ని తప్పించుకోవడానికి పక్కకి పోయినా పదిహేడు గంటలు పట్టింది. వెళ్ళేటప్పటి కన్నా రెండు గంటల పది నిమిషాలు ఎక్కువ. అర్ధరాత్రి దాటి సోమవారం మొదలైందో లేదో, 180 గీత దాటి మంగళవారంలో పడ్డాం. సింగపూరులో దిగితే మంగళవారం ఉదయం 6:40.

మా ఆవిడకి అప్పుడు వెలిగింది. "నిన్న శ్రావణ సోమవారం కదండీ. నా ఉపవాసం ఏమైంది?" అంది. సోమవారం మనకి రాలేదన్నాను. "రాకపోవడమేటి? ఊరందరికీ వచ్చింది, మనకి రాదా?" అంది. శ్రావణంలో ఇంకో సోమవారం లేదు, శనివారంతో అమావాస్య. మేలో నాకు గురువారం ఎక్కువిచ్చారు కదా, దానికి దీనికీ చెల్లన్నాను. గురువారం తనకి పనికిరాదంది. ఆ పద్నాలుగు గంటల నిరీక్షణలో నాకు దొరికిన సంభాషణ ఇంతే.

రాత్రి 8:45కి విమానం, 10:15కి విశాఖ. తలుపు తియ్యగానే ఆ ఉక్క, ఆ ఉప్పు గాలి. ఆటోలో ఇంటికొచ్చి పుస్తకం తీశాను.

వెళ్ళేటప్పుడు 22 గంటల 40 నిమిషాలు. వచ్చేటప్పుడు 17:00, 14:05, 4:00, మొత్తం 35 గంటల 5 నిమిషాలు. రెండూ కలిపి 57 గంటల 45 నిమిషాలు. కింద గీత గీశాను.

టికెట్ల కుర్రాడు గుర్తొచ్చాడు. అతగాడి పద్ధతిలో వెళ్ళేటప్పుడు 10 గంటల 10 నిమిషాలు. వచ్చేటప్పుడు ఆదివారం రాత్రి 10:40 నుంచి మంగళవారం రాత్రి 10:15 దాకా, 47 గంటల 35 నిమిషాలు. సరదాకి కూడి చూశాను. 57 గంటల 45 నిమిషాలు.

రెండోసారి కూడాను. అంతే వచ్చింది.